చెప్పులు తలుపు బయట ఉంటే

మేడమ్ పోయారన్న కబురు నాకు కాచిగూడ స్టేషన్ బయట అందింది. అమ్మను రైలెక్కించి, తార్నాకకు రానంటున్న ఆటో అతనితో పోట్లాడుతున్నాను. అంతలో మా టెక్నీషియన్ ఫోన్ చేశాడు. "అక్కా, మేడమ్ పోయింది. పాత లైబ్రరీల కుర్చీల కూసున్నది కూసున్నట్టే పోయింది" అన్నాడు. అంతవరకూ నాతో సమానంగా అరుస్తున్న ఆటో అతను నా మొహం చూసి, "ఎక్కమ్మా, పైసల సంగతి గాడికి పోయినంక చూద్దాం" అన్నాడు. దారంతా ఒకటే కోపం. ఎవరి మీదో నాకే తెలియదు. విద్యానగర్ దగ్గర ట్రాఫిక్‌లో హారన్ కొట్టిన ప్రతివాణ్ణీ తిట్టాను.

మేడమ్ మా యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో వైఫై మొత్తం చూసేవారు. నేను ఆమె దగ్గరే పని నేర్చుకున్నాను. వైఫై రాకపోతే తిట్టుకుంటాం, వస్తే ఎవరినైనా తలచుకుంటామా? మీరూ అంతే, నేనూ అంతే. అందుకే ఆమె గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను. ఇందులో నాకే సరిగ్గా అర్థంకాని సంగతి ఒకటుంది. అదీ రాస్తాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

ముందు ఆమె పనేమిటో చెప్పాలి. క్లాసుల్లో, హాస్టళ్లలో గోడకో కప్పుకో తెల్ల డబ్బా ఒకటి వేలాడుతుంటుంది కదా, వైఫై డబ్బా. ఒక్కో డబ్బా రేడియో స్టేషన్‌లా ఒక్కో చానల్ మీద మాట్లాడుతుంది. పాత ఫోన్లు వినగలిగే తరంగాల్లో ఒకదాని మాట ఒకదానికి అడ్డురాని చానళ్లు మూడే మూడు. డబ్బాలేమో వందలకొద్దీ. పక్క గదికీ ఈ గదికీ ఒకే చానల్ ఇవ్వకూడదు. పై అంతస్తుదీ చూసుకోవాలి, కింది అంతస్తుదీ చూసుకోవాలి. మేడమ్ బిల్డింగ్ ప్లాన్ల మీద ఎరుపు, పచ్చ, నీలం పెన్సిళ్లతో గదులు దిద్దుతూ, సోంపు నములుతూ కూర్చునేవారు. చూసినవాళ్లు మనవరాలి డ్రాయింగ్ హోంవర్క్ అనుకునేవారు.

ఆమె నాన్న రైల్వేలో సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేశారట. ఆమె పుట్టి పెరిగింది లాలాగూడ క్వార్టర్లలో. "ఒక లైను మీద రెండు బండ్లు ఇడువద్దు. మా నాయిన జీతమంత గీ ఒక్క ముచ్చటకే" అనేవారు. ఏ డిపార్ట్‌మెంట్ నుంచో ఎవరో వచ్చి మా డబ్బాకు పవర్ పెంచండి అని గొడవ చేస్తే, ఆమె వాళ్లకు చాయ్ తెప్పించి, నిమ్మళంగా చెప్పేవారు. "అరిస్తె వినపడదు సార్. ఖాళీ చూసుకోని మెల్లగ మాట్లాడితె వినపడ్తది." వాళ్లు వెళ్లాక నా వైపు తిరిగి, "నీక్కూడ చెప్తున్న" అనేవారు. నా గొంతు కాస్త పెద్దది లెండి.

ఆమెకొక పద్ధతి ఉండేది. కొత్త బిల్డింగ్‌కు చానళ్లు వేసేముందు ప్రతి గదిలోనూ కాసేపు కదలకుండా కూర్చునేవారు. ఒళ్లో లాప్‌టాప్, దాని మీద ఆ గదిలో గాలి ఇప్పటికే ఎన్ని సిగ్నళ్లతో నిండి ఉందో చూపించే గీతలు. మనిషి అటూ ఇటూ కదిలినా గీతలు మారతాయి, ఎందుకంటే మన ఒళ్లంతా నీళ్లే, నీళ్లు వైఫైని మింగేస్తాయి. అందుకని కదలకూడదు, ఎవరూ లోపలికి రాకూడదు. చెప్పులు తలుపు బయట విడిచి, ముక్కులు బయటికి తిప్పి, పక్కపక్కన పెట్టేవారు. నేను ఒకటక్కడ ఒకటక్కడ విసిరేస్తే, కాలితో నెట్టి అవి కూడా తిప్పిపెట్టేవారు. "లేచి పోయేటప్పుడు సులువైతది బిడ్డా" అనేవారు. తరవాత కళ్లు మూసుకునేవారు. గీతలు లాప్‌టాప్ చూసుకుంటుంది కదా, కళ్లెందుకు మూయడం? అడిగాను ఒకసారి.

"జర ఖామోష్ ఉండు. గదిని వింటున్న" అన్నారు.

ఏం వినిపిస్తుందో ఏమో. చెప్పులు తలుపు బయట ఉంటే మేడమ్ వింటున్నారని క్యాంపస్ అంతటికీ తెలుసు. అటెండర్లు, వాచ్‌మన్లు, రిజిస్ట్రార్ ఆఫీసువాళ్లు, అందరూ అక్కడ అడుగుల చప్పుడు తగ్గించేవారు. ఆ మర్యాద ఆమె అడిగి పుచ్చుకున్నది కాదు. జనమే ఇచ్చారు.

ఆమె దగ్గర నేర్చుకున్నవాటిలో నాకు మొదట్నుంచీ భయం పుట్టించిన విద్య ఒకటుంది. ఫోన్లు పిలుస్తాయి. జేబులో ఊరికే పడున్న ఫోన్ కూడా, తనకు తెలిసిన వైఫై ఏదైనా దగ్గర్లో ఉందేమోనని ఉండుండి గాలిలోకి కేకేస్తుంటుంది. మనకు వినపడదు గానీ మా లాప్‌టాప్‌లో కనపడుతుంది. ఒకసారి కెమిస్ట్రీ బ్లాక్‌లో తాళం వేసిన గది ముందు నిలబడి, "లోపట ముగ్గురున్నరు" అన్నారు. అటెండర్ నవ్వాడు. "పొద్దుగాల తాళం ఏసింది నేనే మేడమ్. పిట్ట సుత లేదు." తాళం తీస్తే బెంచీల కింద ముగ్గురు పిల్లలు, వెనక కిటికీలోంచి దూకి వచ్చి, హాయిగా నిద్రపోతున్నారు. నేను పడీపడీ నవ్వాను. మేడమ్ నవ్వలేదు.

"ఒకపారి సెలవులల్ల హాస్టల్ బంద్ ఉన్నప్పుడు గిట్లనే ఒక ఫోను పిలుస్తుండె" అన్నారు తిరిగి వస్తూ. "ఎవరో పిల్ల మంచం కింద మర్చిపోయి పోయింది. చార్జింగ్ అయిపోయేదాక ఇంటిని పిలుస్తనే ఉన్నది. మనిషి పోయినా పిలుస్తది, దానికేం తెలుసు?" ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి నా ఫోన్‌ను కాసేపు బీరువాలో పెట్టాను. అంత పిరికిదాన్ని.

మా ఇద్దరికీ పడేది కాదనుకునేవారు చాలామంది. పడేది. అబ్బాయిల హాస్టల్ గొడవ చూస్తే మీకే తెలుస్తుంది. పిల్లలు గదికో రౌటర్ సొంతంగా కొనుక్కుని పెట్టేశారు. అన్నీ ఒకేసారి అరుస్తుంటే మా డబ్బాల మాట ఎవరికి వినపడుతుంది? నేను అన్నీ పీకించేస్తానని బయల్దేరాను. మేడమ్ నన్ను మెట్ల మీదే ఆపి, పిల్లలందరినీ మెస్‌లో కూర్చోబెట్టి, "మీ ఊర్ల నల్లా కాడ బిందెల లైను చూసిన్రా?" అని అడిగారు. చూశామన్నారు. "అందరొక్కపారి బిందె పెడితె ఏమైతది?" "లొల్లి అయితది." "ఇప్పుడు మీ రూములల్ల అయితున్నది గదే లొల్లి." గంట తిరక్కుండా వాళ్లే గదుల వారీగా చానళ్లు పంచుకున్నారు. తిరిగి వస్తుంటే నేను ఉడుక్కున్నాను. ఆమె బేకరీ ముందు ఆగి, నాకో దిల్‌పసంద్ కొనిపెట్టి, "కోపం మంచిదే గనీ, దాన్ని జర తక్కువ పవర్ల పెట్టు" అన్నారు.

ఆమె ఇల్లు తార్నాకలోనే, క్యాంపస్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. రెండో అంతస్తులో చిన్న ఫ్లాట్. అంకుల్, అంటే ఆమె భర్త, రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. పిల్లలు లేరు. ఒకరితో ఒకరు ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు, కానీ ఆమె కుర్చీలోంచి లేవబోతే ఆయన ఆమె అడగబోయే వస్తువు తెచ్చి చేతిలో పెట్టేవారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు వైఫై అడిగితే నా ఫోన్లో ఆ ఇంటి పేరే కనపడలేదు. ఆమె తన ఇంటి వైఫైని దాచి ఉంచారు. దాచిన వైఫై తన పేరు తాను చెప్పదు. పేరు తెలిసిన ఫోన్ ముందు పేరు పెట్టి పిలవాలి, అప్పుడే పలుకుతుంది.

"నా ఇల్లు ఎవలకి పడితె వాళ్లకి పలుకదు" అన్నారు గొప్పగా. పేరు చెప్పారు. ఈస్ట్ క్యాబిన్. వాళ్ల నాన్న పనిచేసిన చోటు.

ఇంకొక్క వస్తువు గురించి చెబితే ఆ రోజు దగ్గరికి వస్తాను. ఆమె దగ్గర అద్దం పగిలిన పాత ఫోన్ ఒకటుండేది. సిమ్ లేదు. దానికి ఆమె పెట్టిన పేరు వెనక బెంచి. గదిలో అందరికంటే దూరంగా, అన్నింటికంటే పాడు మూలలో కూర్చునే పిల్లకు వైఫై అందుతుందా లేదా చూడటానికి దాన్ని ఆ మూల చార్జర్‌కు పెట్టి వచ్చేవారు. "ముందు బెంచోళ్లకు అందరు ఇస్తరు. గీ పిల్లకు అందితె అందరికి అందినట్టే" అనేవారు. పరీక్ష పెట్టేటప్పుడు కలిపి, అవగానే క్యాంపస్ వైఫై పేరు అందులోంచి తుడిచేసేవారు. దానికి శాశ్వతంగా గుర్తున్నది ఒక్క పేరే, ఆమె ఇల్లు.

ఆ రోజు వేసవి సెలవులు. పాత లైబ్రరీ పై అంతస్తుకు కొత్త డబ్బాలు వేయాలి. నేను సెలవు పెట్టాను. మేడమ్ టెక్నీషియన్‌ను కింద కేబుల్ పనికి పంపి, పైన రీడింగ్ రూమ్‌లో చెప్పులు బయట విడిచి కూర్చున్నారు.

తరవాత ఏం జరిగిందో అందరూ తలా ముక్కా చెప్పారు. అటెండర్ భోజనం తరవాత వచ్చి చెప్పులు చూసి వెనక్కి వెళ్లాడు. లైబ్రేరియన్ తలుపు అద్దంలోంచి చూసి, కిర్రుకిర్రుమంటున్న ఫ్యాన్ మేడమ్‌కు అడ్డమని స్విచ్ ఆపేశారు. ఇనుప బీరువాలు ఈడుస్తున్న కూలీలను వాచ్‌మన్ వచ్చి, "ఆపుర్రి, మేడమ్ వింటున్నది" అని కసిరాడు. టెక్నీషియన్ చాయ్ తెచ్చి, గుమ్మంలో కాసేపు నిలబడి, చల్లారిపోతుందని తనే తాగేశాడు. అంతస్తు అంతస్తంతా ఆమె కోసం ఊపిరి బిగబట్టింది. బిల్డింగ్ మూసే వేళకు వాచ్‌మన్ మూడుసార్లు పిలిచి, అప్పుడు లోపలికి వెళ్లాడు. గుండె ఆగి చాలా సేపయిందన్నాడు డాక్టర్.

ఎవరిని తప్పుపట్టను? నేనున్నా అంతే చేసేదాన్ని. ఇంకా గట్టిగా కసిరేదాన్ని.

దినాల రోజు అంకుల్ నన్ను బాల్కనీలోకి పిలిచారు. "బిడ్డా, నాకొక్కటే మాట చెప్పు. గామె ఎవర్నన్న పిలిచిందా? పిలిస్తె ఎవ్వరికి వినపడలేదా?" డాక్టర్ రెప్పపాటులో పోయిందన్నాడు కదా అన్నాను. "డాక్టర్ గాడ లేడు గదమ్మా" అన్నారు. ఆ తరవాత తెలిసింది, వాచ్‌మన్‌ను, అటెండర్‌ను, ఆఖరికి ఆ కూలీలను కూడా వెతికి పట్టుకుని అదే అడిగారని. రాత్రులు పడుకోవడం లేదట. వీధి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారని పక్కింటావిడ చెప్పింది.

ఆ అంతస్తుకు తాళం పడింది. కానీ కాలేజీలు తెరిచేలోపు పని అయితీరాలి. వెళ్లడానికి ఎవరూ ముందుకు రాలేదు. సరే నేనే చస్తాను అని తాళంచెవి తీసుకున్నాను. అనకూడని మాట, నోటికి అలవాటు.

మిట్టమధ్యాహ్నం. బయట ఎండ పేలిపోతోంది, లోపల పుస్తకాల వాసన, చల్లగా, చీకటిగా. ఆమె కుర్చీ ఎవరూ జరపలేదు. నేను దాంట్లో కూర్చోలేదు, గోడ పక్కన నేల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. మొదట ఏమీ లేదు. ఖాళీ గాలి, సెలవుల్లో అలాగే ఉంటుంది. తరవాత తెర మీద ఒక పిలుపు పడింది.

ఈస్ట్ క్యాబిన్.

పిలుపు ఆగింది. మళ్లీ పడింది. ఈస్ట్ క్యాబిన్. ఈస్ట్ క్యాబిన్. ఆ పేరు తెలిసినవాళ్లం ముగ్గురం. ఒకరు ఇంట్లో ఉన్నారు, ఒకరు నేల మీద కూర్చుని ఈ తెర చూస్తున్నారు. "మేడమ్" అన్నాను పైకే. ఎందుకన్నానో అడక్కండి. నా గొంతే బీరువాల మధ్య తిరిగి నాకు వినపడింది.

పరిగెత్తకుండా ఎలా ఉన్నానంటే, ఆమె నేర్పిన పని చేతులు వాటంతటవే చేశాయి. సిగ్నల్ ఎటు పెరిగితే అటు నడవాలి. ఇనుప బీరువాలు సిగ్నల్‌ను తిప్పికొడతాయి, అందుకే ఒక వరసలో దగ్గరగా వచ్చినట్టుండి, మలుపు తిరిగేసరికి దూరమయ్యేది. ఎవరో నాకంటే ఒక్క వరస ముందు నడుస్తున్నట్టు ఉంది. రెండుసార్లు ఆగి వెనక్కి చూశాను. చివరి కిటికీ కింద, పాత పత్రికల కట్టల వెనక, గోడ ప్లగ్గుకు వేలాడుతూ వెనక బెంచి.

బల్ల మీదున్న ఆమె సామాన్లన్నీ సర్ది ఇంటికి పంపాం. డబ్బాలు వేశాక పరీక్షకని ఆమె ముందే అందరికంటే పాడు మూలలో పెట్టుకున్నదాన్ని మరిచిపోయాం. కరెంటు ఉంది కాబట్టి అది బతికే ఉంది. అప్పట్నుంచీ, తాళం వేసిన అంతస్తులో, పగలూ రాత్రీ ఇంటిని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. నేల మీద కూలబడి ఏడ్చాను. కాచిగూడ నుంచి వచ్చిన రోజు కూడా అంత ఏడవలేదు.

ఆ సాయంత్రమే తార్నాక తీసుకెళ్లాను. అంకుల్ వీధి తలుపు దగ్గర కుర్చీలోనే ఉన్నారు. గడ్డం పెరిగింది. ఫోన్ చేతిలో పెట్టి, ఎక్కడ దొరికిందో, ఎలా దొరికిందో అంతా చెప్పాను.

"అంటె పిలిచింది" అన్నారు.

"ఫోన్ పిలిచింది అంకుల్. మేడమ్ పిలిచారో లేదో నాకు తెలియదు. మీతో అబద్ధమాడలేను."

"ఎరుకే బిడ్డా. నేను నౌకరంత మిషన్లతోనే చేసిన, మిషన్‌కు మనిషికి తేడా నాకెరుక." అద్దం మీది పగుళ్లు బొటనవేలితో నిమిరారు. "గీ రౌటర్ బంద్ చేద్దామని నిన్న స్విచ్ మీద చెయ్యి పెట్టిన. ఇంట్ల ఎవలున్నరు వాడెటందుకు? గని మనసు రాలే. ఎందుకు రాలేదో ఇప్పుడు తెలుస్తున్నది."

ఆయన చేతిలోనే, తెర పైన మూలన చిన్న వైఫై గుర్తు వెలిగింది. ఇల్లు పలికింది.

"ఇంక పిలుస్తదా?" అని అడిగారు. నేను లాప్‌టాప్ తీసి చూశాను. పక్క ఫ్లాట్ల ఫోన్లు ఏవేవో పేర్లు పిలుచుకుంటున్నాయి. వాటిలో ఆ పేరు లేదు. "పిలవదు అంకుల్. ఇల్లు దొరికింది కదా" అన్నాను. ఆయన తలూపారు. నేను టీ పెట్టుకొచ్చేసరికి ఫోన్ గుండెల మీద పెట్టుకుని కుర్చీలోనే నిద్రపోయారు, నోరు తెరుచుకుని, చిన్నగా గురకపెడుతూ. టీ చల్లారిపోయినా లేపలేదు. కాకపోతే వెళ్లేముందు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఆ అలవాటు ఇప్పుడు మా అందరికీ వచ్చింది.

మా దగ్గర ఇప్పుడు కొత్త పద్ధతి ఒకటుంది, నేను పెట్టిందే. చెప్పులు తలుపు బయట కనిపిస్తే ఎవరైనా సరే గుమ్మంలో నిలబడి "ఉన్నారా?" అని పిలవాలి. లోపల ఉన్నవాళ్లు "ఉన్నా" అనాలి. గీతలు చెడితే చెడనీ, మళ్లీ కొలుచుకుంటాం. అటెండర్లు, వాచ్‌మన్లు, లైబ్రేరియన్, ఒక్కరు కూడా తప్పరు. ఒక్కోసారి విసుగొచ్చేంతగా పిలుస్తారు.

మొన్న పాత లైబ్రరీ పని ముగింపుకొచ్చింది. చివరి కొలత కోసం రీడింగ్ రూమ్‌కు ఒక్కదాన్నే వెళ్లాను. చెప్పులు ఎప్పటిలా ఒకటక్కడ ఒకటక్కడ విసిరేసి, ఈసారి ఆమె కుర్చీలోనే కూర్చున్నాను. కళ్లు మూసుకున్నాను. ఆమె ఏం వినేవారో వినాలనిపించింది. చాలాసేపు ఏమీ లేదు. తరవాత వరండాలో అడుగులు, ఎంతో జాగ్రత్తగా, చప్పుడు కాకుండా వేస్తున్న అడుగులు. గుమ్మం దగ్గర ఆగాయి. పిలుపు కోసం చూశాను. పిలవలేదు. ఎవరో నిలబడి నన్ను చూస్తున్నారని మాత్రం తెలుస్తోంది. కళ్లు తెరవడానికి ధైర్యం చాల్లేదు.

"ఉన్నా" అన్నాను, ఎవరూ అడక్కుండానే.

అడుగులు అంతే మెల్లగా వెళ్లిపోయాయి. లేచి వెళ్లి చూశాను. వరండా ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఖాళీ. కింద అటెండర్‌ను అడిగితే, పైకి ఎవరూ రాలేదక్కా, మెట్ల కాడనే కూసున్న అన్నాడు. కానీ అంతకుముందే, కిందికి దిగబోతూ చూశాను, నేను విసిరేసిన చెప్పులు తలుపు బయట పక్కపక్కన ఉన్నాయి, ముక్కులు మెట్ల వైపు తిరిగి.